కిరీటం దక్కాక కూడా మాక్‌బెత్ ఎందుకు ఆగలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: షేక్‌స్పియర్ మాక్‌బెత్ మొదట్లో రాజు మెచ్చిన వీరుడు కదా, పదవీకాంక్ష అతన్ని హంతకుణ్ని చేసిందంటారు, మంత్రగత్తెలు జోస్యం చెప్పకపోతే, భార్య ఎగదోయకపోతే మంచివాడిగానే మిగిలేవాడా? అంతమందిని చంపినవాణ్ని విలన్ అనకుండా విషాద నాయకుడని ఎందుకంటారు?

సూటిగా చెప్పేస్తాను. పదవీకాంక్ష అతనితో పథకం వేయించి చేయించింది ఒక్క హత్యే, స్కాట్లండ్ రాజు డంకన్ హత్య. ఆ తర్వాతవన్నీ దక్కిన పదవి ఎక్కడ జారిపోతుందోనన్న భయం చేయించింది. మంత్రగత్తెలు గానీ, భార్య గానీ అతనిలో లేని కోరికను బయటి నుంచి తెచ్చి పెట్టలేదు. ఇక చేయబోయేది ఘోరమని ఆ నాటకంలో అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే. తెలిసి చేశాడు, చేశాక ఏం పోయిందో కూడా తెలుసుకున్నాడు. విషాద నాయకుడనేది అందుకే.

చాలాకాలంగా ఈ నాటకం క్లాసులో చెబుతున్నాను, పిల్లలతో స్టేజి మీద వేయించాను కూడా. "అత్యాశే మాక్‌బెత్ పతనానికి కారణం" అన్న వాక్యం లేని ఆన్సర్ పేపరు నేను దిద్దలేదు. తప్పని అనను. కానీ అది రాసేశాక ఇక నాటకం చదవనక్కర్లేదన్న ధీమా వచ్చేస్తుంది. ఆ ఒక్క మాట అయిదు అంకాలకూ సరిపోదు. మొదటి రెండింటికి సరిపోతుంది, అంతే.

ముందు అతని కత్తిని మెచ్చుకున్నది ఎవరో చూడండి. మాక్‌బెత్ స్టేజి మీదికి రాకముందే అతని గురించి వింటాం. ఒంటి నిండా గాయాలతో వచ్చిన సైనికుడు రాజు డంకన్‌కి యుద్ధ వార్త చెబుతాడు. తిరుగుబాటుదారు మాక్‌డొన్‌వాల్డ్‌ని మాక్‌బెత్ బొడ్డు దగ్గర్నుంచి దవడల దాకా చీల్చి, తల నరికి కోట గోడ మీద పెట్టాడట. అది విని రాజు ఉలిక్కిపడడు, మురిసిపోతాడు. రాజు తరఫున చంపితే వీరత్వం, తన కోసం చంపుకుంటే ద్రోహం. చెయ్యి మాత్రం అదే చెయ్యి. "మంచివాడు చెడిపోయాడు" అని రాసేటప్పుడు ఈ సీను మర్చిపోకండి. అతను సాధువుగా మొదలవలేదు. చంపడంలో ఆరితేరినవాడు, ఆ నేర్పుకు మెప్పు పొందుతున్నవాడు.

రాజద్రోహం చేసిన కాడర్ సామంతుడికి మరణశిక్ష వేసి, అతని పదవిని మాక్‌బెత్‌కి ఇస్తారు. తర్వాత డంకన్ ఆ చచ్చిపోయినవాణ్ని తలచుకుని, ముఖం చూసి మనసు కనిపెట్టే విద్య లేదు, అతన్ని నేను పూర్తిగా నమ్మాను అంటాడు. ఆ మాట నోట్లో ఉండగానే మాక్‌బెత్ లోపలికి వస్తాడు. డంకన్ ఎదురెళ్లి అతన్ని ఆకాశానికెత్తేస్తాడు. రిహార్సల్‌లో ఈ ఎంట్రీ ఒక్క క్షణం ఆలస్యమైనా సీను చచ్చిపోతుంది.

జోస్యంలో హత్య అన్న మాటే లేదు. క్లాసులో నేను ఎప్పుడూ ఇచ్చే పని ఒకటుంది: హత్య ఆలోచన మొట్టమొదట ఎవరి నోట వస్తుందో వెతికి గీత గీయమంటాను. సగం మంది నేరుగా లేడీ మాక్‌బెత్ దగ్గరికి పోతారు. కాదు. మంత్రగత్తెలు చెప్పింది, గ్లామిస్ సామంతుడివి, కాడర్ సామంతుడివి, ముందుముందు రాజువి అని. ఎలా అవుతావో చెప్పలేదు, ఏం చెయ్యాలో చెప్పలేదు. కాడర్ పదవి వచ్చిందన్న కబురు అందగానే మాక్‌బెత్ పక్కకి జరిగి తనలో తను మాట్లాడుకుంటాడు. ఏదో భయంకరమైన దృశ్యం మనసులో మెదిలి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయనీ, గుండె పక్కటెముకలకి కొట్టుకుంటోందనీ అంటాడు. హత్య అన్న మాట అక్కడ వస్తుంది. అప్పటికి భార్య ఇంకా మనకు కనిపించనే లేదు.

పక్కనే తోటి సేనాని బాంకో ఉన్నాడు. అవే గొంతులు, అదే బంజరు. నువ్వు రాజువి కావు గానీ నీ వంశంలో రాజులు పుడతారని అతనికీ చెప్పారు. అతనికి ఆశ లేదా? ఉంది. పడుకుంటే పాడు ఆలోచనలు వస్తున్నాయి, వాటిని అదుపులో పెట్టండని రెండో అంకంలో దైవశక్తులను వేడుకుంటాడు. ఆశ పుట్టడం దగ్గర ఇద్దరూ ఒకటే, దాన్ని ఏం చేసుకున్నారన్న దగ్గరే తేడా. అలాగని బాంకోని మరీ నెత్తిన పెట్టుకోకండి. మాక్‌బెత్ మోసంతోనే రాజయ్యాడన్న అనుమానం అతనికి ఉంది, పైకి మాత్రం నోరు విప్పడు. మంత్రగత్తెలు అతనికి చెప్పింది జరిగిందంటే నాకు చెప్పిందీ జరుగుతుందేమో అని లోపల లెక్క వేసుకుంటాడు.

మరో సంగతి. షేక్‌స్పియర్ కథ తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథంలో బాంకో డంకన్ హత్యలో భాగస్వామి. నాటకంలో ఆ మచ్చ తుడిచేశారు. 1603లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన మొదటి జేమ్స్ తన వంశం బాంకో నుంచి వచ్చిందని చెప్పుకునేవాడు, షేక్‌స్పియర్ నాటక బృందానికి పోషకుడూ ఆయనే. నాటకం 1606 ప్రాంతంలో రాసింది. రాజుగారి పూర్వీకుణ్ని హంతకుడిగా ఎవరు చూపిస్తారు!

మంత్రగత్తెలు లేకపోతే ఏమయ్యేదన్న మీ ప్రశ్నకు నాటకంలోనే ఒక ఆధారం ఉంది, చాలామంది దాటేస్తారు. హత్యకు వెనకాడుతున్న భర్తతో లేడీ మాక్‌బెత్ అంటుంది: ఈ మాట మొదట నా దగ్గర ఎత్తింది నువ్వే, అప్పుడు సమయమూ లేదు, చోటూ లేదు, రెండూ నేనే కల్పిస్తానన్నావు, ఇప్పుడు అవి వాటంతటవే కలిసొస్తే నీరుగారిపోతున్నావు. దీన్నిబట్టి ఆ మాట వాళ్ల మధ్య ముందే నలిగిందని నాకనిపిస్తుంది. ఎప్పుడు అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఎప్పుడైనా సరే, మాట ఎత్తింది అతనే.

అసలు చెడిపోయింది ఎక్కడంటే, మొదటి అంకం ఏడో సీనులో. ఈ నాటకంలో ఒక్క సీను చదవడానికే ఓపిక ఉంటే ఇది చదవండి. డంకన్ మాక్‌బెత్ కోటలో అతిథిగా భోంచేస్తున్నాడు. ఆతిథ్యం ఇస్తున్నవాడు మధ్యలో లేచి బయటికి వచ్చేశాడు. ఒంటరిగా నిలబడి లెక్క కడతాడు. ఈయన నా బంధువు, నా రాజు, పైగా నా ఇంటికి వచ్చిన అతిథి. హంతకుడు రాకుండా తలుపు వేయాల్సినవాణ్ని నేనే కత్తి పట్టకూడదు. ఈ రాజు ఎంత మెత్తనివాడంటే, చంపితే ఆయన సుగుణాలే దేవదూతల్లా గొంతెత్తి లోకానికి చాటుతాయి. మరి నన్ను ముందుకు పొడుస్తున్నదేమిటి? ఎగిరి జీను మీద కూర్చోబోయి అవతల పడే పదవీకాంక్ష తప్ప ఇంకేమీ లేదు. తన రోగాన్ని తనే ఇంత చక్కగా చెప్పుకున్న రోగి ఇంకొకడు కనపడడు.

అంతలో భార్య వస్తుంది. ఇక ఈ పని వద్దు అంటాడు. ఎందుకు వద్దో ఆమెకి ఏం చెప్పాడో చూడండి. రాజు నాకు కొత్తగా గౌరవం ఇచ్చాడు, జనం దగ్గర మంచి పేరు వచ్చింది, ఆ కొత్త మెరుపు పోకముందే వాటిని అనుభవించాలి కదా అంటాడు. క్షణం కిందట తనతో తను చెప్పుకున్న కారణాలు ఇవి కావు. బంధుత్వం, అతిథి ధర్మం, దేవదూతలు ఒక్కటీ నోట రాలేదు. పాపం కాబట్టి వద్దన్న మాట తన భార్య ముందు అనడానికి అతనికి సిగ్గేసింది. పరువు లెక్క చెప్పాడు. పరువు లెక్కకి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: కోరుకున్నదాన్ని అందుకునే దమ్ము లేనివాడికి పరువేమిటి? మగాడివేనా?

రిహార్సల్‌లో ఇక్కడ మాక్‌బెత్ వేషం వేసే కుర్రాళ్లందరూ గొంతు పెంచుతారు. మగవాడు చేయదగ్గది ఏదైనా చేస్తాను, అంతకు మించి చేసేవాడు మనిషే కాడు అన్న డైలాగు అరిచేస్తారు. వద్దని చెబుతాను. అది అతను నిలబడటానికి చేసిన ఆఖరి ప్రయత్నం. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు అంటే తర్వాత పడిపోవడం కనిపిస్తుంది. ఆమె ఇంకో దెబ్బ వేస్తుంది, పాలు తాగే పసిబిడ్డ మాట తెస్తుంది. దానికి అతని నోట వచ్చే మాట: "ఒకవేళ మనం విఫలమైతే?"

అంతే, అయిపోయింది. నిమిషం కిందట ప్రశ్న "చేయవచ్చా" అని. ఇప్పుడు ప్రశ్న "దొరికిపోతామా" అని. రెండో ప్రశ్నకు పథకం చాలు: కాపలావాళ్లకి తాగించడం, వాళ్ల బాకులే వాడటం, నెత్తురు వాళ్లకి పూయడం. పథకం వినగానే మాక్‌బెత్ ముఖం వికసిస్తుంది కూడా. పదవీకాంక్ష మనిషిని చెరిచే తీరు ఇదే. మంచీచెడ్డా తెలియకుండా చేయదు. మంచీచెడ్డల ప్రశ్నను పక్కకి నెట్టి దాని చోట వీలు-వాలు ప్రశ్న కూర్చోబెడుతుంది.

మనవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ధర్మమేదో తెలుసు, దానివైపు మనసు పోదు, అధర్మమేదో తెలుసు, దాన్నుంచి మనసు మళ్లదు అని పాండవగీతలో దుర్యోధనుడి చేత చెప్పించిన శ్లోకం ఉందే, "జానామి ధర్మం" అని మొదలయ్యేది, మాక్‌బెత్ స్థితి అక్షరాలా అది. కాకపోతే ఆ శ్లోకంలో దుర్యోధనుడు, హృదయంలో ఉన్న ఏదో దేవుడు ఎలా నడిపిస్తే అలా చేస్తున్నానని తప్పు కొంత పైకి నెట్టేస్తాడు. మాక్‌బెత్ డంకన్ని చంపిన రాత్రి ఆ పని చేయడు. నేను చేసినదాన్ని తలచుకోవడానికే నాకు భయంగా ఉందంటాడు. ఎవరో "దేవుడు మనల్ని దీవించుగాక" అంటే తన గొంతులోంచి "ఆమెన్" రాలేదని పదేపదే అడుగుతాడు, ఎందుకు రాలేదు, ఎందుకు రాలేదు అని.

ఇక మూడో అంకం నుంచి ఆశ కాదు, భయం. పట్టాభిషేకం మనకు చూపించరు, గమనించారా? పట్టాభిషేకం జరిగే స్కోన్‌కి వెళ్లాడని చెబుతారు, మళ్లీ చూసేసరికి రాజు. ఇంత నెత్తురు కార్చి తెచ్చుకున్న కిరీటం తలకెక్కే సంబరం స్టేజి మీద ఒక్క నిమిషం కూడా లేదు. రాజయ్యాక ఒంటరిగా మాట్లాడే మొదటి మాటే, రాజుగా ఉండటం ఏమంత గొప్ప, నిశ్చింతగా ఉండగలిగితే కదా అని. నా చేతికి గొడ్డు రాజదండం ఇచ్చారు, బాంకో పిల్లల కోసం నా మనసు మలినం చేసుకున్నానా అని కుళ్లిపోతాడు.

ఇక్కడి నుంచి ఒక్కటి మాత్రం గమనించండి: ఆలోచనకీ పనికీ మధ్య ఎంత వ్యవధి ఉంది? డంకన్ని చంపడానికి దాదాపు ఒక అంకమంతా తటపటాయించాడు, గాలిలో బాకు చూశాడు, వణికాడు. బాంకో విషయంలో తటపటాయింపు లేదు, కిరాయి హంతకులతో ఒక సీనులో తేల్చేశాడు. వాళ్లని ఒప్పించడానికి వాడిన వాదం ఏమిటో తెలుసా? మీరు మగాళ్లేనా అని. భార్య తనమీద వాడిన ఆయుధమే. ఆ భార్యకే ఈ సంగతి చెప్పడు, నీకు తెలియకపోవడమే మంచిది అని ముద్దుగా తప్పిస్తాడు. మొదటి హత్యకు ఇద్దరూ కలిసి కుట్ర చేశారు, రెండోదానికి ఆమె బయటిమనిషి.

ఆ రాత్రి విందు. అనుమానం పెనుభూతం అంటాం కదా, బాంకో మీది అనుమానం నిజంగానే భూతమై వచ్చి రాజు కుర్చీలో కూర్చుంటుంది. దెయ్యం మీద అందరి చూపూ పడుతుంది గానీ, ఆ విందు మొదలైన మాటా ముగిసిన మాటా పక్కపక్కన పెట్టి చూడండి. మొదట మాక్‌బెత్ అతిథులతో, ఎవరి హోదా వాళ్లకి తెలుసు, కూర్చోండి అంటాడు. చివర్లో లేడీ మాక్‌బెత్, ఎవరి తర్వాత ఎవరన్నది చూడకండి, వెంటనే వెళ్లిపోండి అంటుంది. రాజ్యమంటే వరసలూ హోదాలే కదా. అది కొలువు నడిచిన ఒక్క రాత్రిలోనే చెదిరిపోయింది. వాళ్లు వెళ్లాక, ప్రతి ప్రభువు ఇంట్లోనూ నేను డబ్బిచ్చి పెట్టుకున్న నౌకరు ఒకడున్నాడని చెబుతాడు. నెత్తుటిలో ఇంత దూరం నడిచాక వెనక్కి రావడమూ ముందుకు పోవడమంత కష్టమే అనేది కూడా అప్పుడే.

ఫైఫ్ సామంతుడు మాక్‌డఫ్ దగ్గరికి వచ్చేసరికి వ్యవధి పూర్తిగా పోయింది. అతను ఇంగ్లండ్ పారిపోయాడని తెలియగానే, ఇకనుంచి నా మనసులో మొదట పుట్టిందే నా చేతిలో మొదటి పని అంటాడు, ఫైఫ్‌లోని అతని కోట మీదికి మనుషుల్ని పంపుతాడు. మాక్‌డఫ్ భార్య, పిల్లలు, దొరికినవాళ్లందరూ. దీనివల్ల లాభమేమిటి? ఏమీ లేదు. శత్రువు అక్కడ లేడు. వాళ్లు కిరీటానికి పోటీ కాదు. పైగా ఒక శత్రువుని ప్రాణాంతక శత్రువుగా మార్చుకున్నాడు. ఆశకి లెక్క ఉంటుంది, ఇందులో లెక్క లేదు. అందుకే ఈ హత్యలను "పదవీకాంక్ష" ఖాతాలో వేస్తే నేను మార్కులు తగ్గిస్తాను.

తెచ్చుకున్న అధికారంతో ఏం చేశాడన్నది కూడా అడగాలి. నాటకంలో ఒక్క న్యాయం చెప్పడు, ఒక్క ప్రజాకార్యం చేయడు. అతని మనుషులు ఆజ్ఞ ఉంటే కదులుతారు, ప్రేమతో కాదని అయిదో అంకంలో ఆంగస్ అనే ప్రభువు అంటాడు. రాక్షసుడి అంగీ దొంగిలించి తొడుక్కున్న మరుగుజ్జులా ఉన్నాడని కూడా.

ఇక్కడ చిన్న జాగ్రత్త చెప్పాలి. ఇదంతా నాటకంలోని మాక్‌బెత్ గురించి. చరిత్రలోని మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా, 17 ఏళ్లు స్కాట్లండ్‌ని ఏలాడు. 1050లో రోమ్ యాత్రకి వెళ్లొచ్చాడు. సింహాసనం కదులుతున్నవాడు అంత దూరం వెళ్లడు. డంకన్ ముసలివాడూ కాదు, పడకమీద చచ్చిపోలేదు, యుద్ధంలో పోయాడు. నిద్రపోతున్న రాజును చంపడం హోలిన్‌షెడ్‌లోనే ఇంకో రాజు కథలోంచి తెచ్చి అతికించింది.

మరి విలన్ ఎందుకు కాడు? డంకన్ కొడుకు మాల్కం చివర్లో "కసాయి" అనే అంటాడు, అతని వైపు నుంచి సరైన మాటే. కానీ షేక్‌స్పియర్ ఇంకో నాటకంలోని మూడో రిచర్డ్‌ని పక్కన పెట్టి చూడండి. రిచర్డ్ మొదటి సీనులోనే నేను దుర్మార్గుడిగా ఉండాలని నిశ్చయించుకున్నానని మనకే చెప్పి, ప్రతి మోసాన్నీ చప్పరిస్తూ చేస్తాడు. మాక్‌బెత్ ఒక్క హత్యని కూడా ఆనందించడు. పూర్తి సజ్జనుడూ కాక, పూర్తి దుష్టుడూ కాక, ఏదో పొరపాటు వల్ల పడిపోయేవాడే విషాద నాయకుడని అరిస్టాటిల్ అన్నాడు. తెలిసి చేసినదాన్ని పొరపాటు అనొచ్చా అని కొందరు అడుగుతారు, సబబైన ప్రశ్నే. నా మటుకు అరిస్టాటిల్ చట్టం కాదు. చూస్తున్నవాడికి జాలీ భయమూ కలుగుతున్నాయా లేదా అన్నదే నాకు కొలత, మాక్‌బెత్ దగ్గర రెండూ కలుగుతాయి.

జాలి ఎక్కడంటే అయిదో అంకంలో. నా బతుకు ఆకు పండి ఎండే దశకి వచ్చింది, ముసలితనానికి తోడుండాల్సిన గౌరవం, ప్రేమ, విధేయత, స్నేహితులు, ఇవేవీ నాకు రావు, నోటి చివరి పొగడ్తలూ లోలోపలి శాపాలే మిగిలాయి అంటాడు. ఏం పోయిందో జాబితా రాసి మరీ చెబుతున్నాడు. కాసేపటికి లోపల ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తుంది. ఒకప్పుడు రాత్రి అరుపు వింటే ఒళ్లు చల్లబడేది, ఇప్పుడు భయం రుచే మర్చిపోయాను అంటాడు. చనిపోయింది భార్య అని తెలుస్తుంది. ఆమె కోసం ఒక్క కన్నీటి బొట్టు రాదు. దీనికి ముందే, ఇంగ్లండ్‌లో మాక్‌డఫ్‌కి భార్యాపిల్లల చావు కబురు చెప్పి, మగాడిలా తట్టుకో అంటారు. అలాగే తట్టుకుంటాను, కానీ మనిషిలా బాధ కూడా పడాలి కదా అంటాడతను. మగతనం పేరుతో రెచ్చిపోయి హత్య చేసినవాడికి ఏడుపు రాదు, ఏడ్చే మగవాడు అతన్ని చంపడానికి వస్తున్నాడు. మీరు వ్యాసం రాస్తున్నట్టయితే ఈ రెండు సీన్లనూ పక్కపక్కన పెట్టండి, దీన్ని పట్టుకునేవాళ్లు తక్కువ.

చివరి పోరులో, లొంగిపోతే ప్రాణాలు దక్కుతాయని తెలిసీ కత్తి దూస్తాడు కాబట్టి అతని గొప్పతనం తిరిగొచ్చిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. లొంగిపోతే జనం ముందు బొమ్మలా నిలబెడతారని మాక్‌డఫ్ అన్నాకే కత్తి ఎత్తాడు. మళ్లీ పరువు లెక్కే.

మంత్రగత్తెలు విధికి ప్రతినిధులా, మాక్‌బెత్ మనసుకా అన్న దానిమీద మీకు ఇంకా సందేహం ఉంటే నాలుగో అంకం మొదటి సీను చూసి రండి. అక్కడ అతనే వెతుక్కుంటూ వాళ్ల దగ్గరికి వెళ్తాడు. చదివాక ఇక్కడే అడగండి, చెబుతాను.